ఉతకకూడని చొక్కా

చొక్కా కాలరు మీద నీళ్లు చిలకరించి, ఇస్త్రీపెట్టె మొనను గుండీల చుట్టూ తిప్పుకుంటూ వస్తోంది భూలక్ష్మి. ఫిల్మ్ నగర్‌లో షూటింగ్ ఫ్లోరు వెనక రేకుల గది అది. ఉదయం ఏడింటికే ఉక్కపోత. అరవై దాటిన సన్నటి మనిషి. మోచేతి నుంచి మణికట్టు దాకా ఇస్త్రీపెట్టె పెట్టిన వాతలు, నల్లవి కొన్ని, తెల్లబడినవి కొన్ని. సినిమా దుస్తుల పనిలో ముప్పై రెండేళ్ల చాకిరీ మరి! ఆమె చేతి మీదుగా వెళ్లిన బట్ట ఒక షాటులో ఒకలా, ఇంకో షాటులో ఇంకోలా కనబడిన పాపాన పోలేదు. ఆమెకున్న ఆస్తీ అంతస్తూ అదే.

రహమత్ నగర్ చర్చిలో బాప్తిస్మం తీసుకున్న రోజున పాస్టరుగారు పేరు మార్చుకొమ్మన్నారు. "గీ పేరుతోని పిలిస్తే దేవునికి వినబడదా ఏంది అయ్యగారూ?" అంది. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆదివారం స్త్రీల కూడికలో ఆమె దేవుడి గురించి సాక్ష్యం చెబుతుందంటే చాలు, వెనక వరసలు కూడా నిండుతాయి. పుస్తకం చూసి కాదు ఆమె చెప్పేది, ఇస్త్రీ బల్ల చూసి. ఊడిపోయిన గుండీ కోసం గదంతా వెతికిన రోజున తప్పిపోయిన గొర్రెను వెతికిన కాపరి సంగతి చెప్పింది. హీరో చొక్కా తొడుక్కుని దెబ్బలు తినే డూపును చూసి, మన బదులు దెబ్బలు తిన్న ప్రభువు సంగతి చెబితే ఆడవాళ్లంతా కళ్లొత్తుకున్నారు.

ఈ ఆదివారం మళ్లీ ఆమె వంతు. మరకల మీద చెబుదామనుకుంది. ఎంత మొండి మరకనైనా తన సబ్బూ చన్నీళ్లూ వదిలించినట్టు, ఎంత పాపాన్నైనా ఆయన కడుగుతాడని.

"ఆంటీ, ఫైట్ సీన్ చొక్కా ఇవ్వండి. హీరో సార్ వచ్చేస్తున్నారు," అంటూ వచ్చింది అసిస్టెంట్ డైరెక్టర్ శ్రీనిధి.

భూలక్ష్మి బట్టలు ఆరేసే తీగ వైపు చూసింది. నిన్న సగం తీసిన ఫైటు. మిగతా సగం ఇవాళ. నెత్తుటి మరకలూ మట్టీ ఎలా ఉన్నవి అలాగే ఉండాలి, సీను పూర్తయ్యేదాకా ఆ చొక్కాను నీళ్లు ముట్టకూడదు. ఈ గదిలో అందరికీ తెలిసిన మొదటి పాఠం. తీగ మీద చొక్కా మల్లెపువ్వులా తెల్లగా వేలాడుతోంది.

శ్రీనిధి గుండెలు బాదుకుంటూ పరిగెత్తింది. రెండు నిమిషాల్లో దుస్తుల విభాగం పెద్ద వెంకటరామయ్య రొప్పుతూ వచ్చాడు. వస్తూనే బట్టలు మడతపెట్టే తిరుమలేశ్ మీద పడ్డాడు. పనిలో చేరి మూడు నెలలు, ఇద్దరు పిల్లల తండ్రి.

"నీకు బుద్ధుందా? కంటిన్యుటీ చొక్కా ఉతుకుతావా? నిన్న బకెట్ మోసింది నువ్వే కదా!"

తిరుమలేశ్ మడతపెడుతున్న బట్ట పక్కన పెట్టి లేచాడు. "నేనే ఉతికే బట్టలల్ల కలిపిన్నేమో సార్... యాదికొస్తలేదు."

"భూలక్ష్మమ్మ చేతిలో ఇలాంటిది ఎప్పుడైనా జరిగిందా? ఆవిణ్ణి చూసైనా నేర్చుకో. రేపట్నుంచి రావద్దు, పో!"

భూలక్ష్మికి అప్పుడు గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం కుళాయి దగ్గర కూర్చుని సాక్ష్యం వల్లించుకుంటోంది. 'ఎంత మొండి మరకైనా...' అని మంచి ఊపు మీద ఉండగా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. నెత్తురంతా వదిలాక చొక్కాను చూసి మురిసిపోయింది కూడా. ఖర్మ! ఇప్పుడు నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ముప్పై రెండేళ్ల పేరు పదిలంగా ఉంటుంది. తిరుమలేశ్ ఒక్కడు పోతాడు, అంతే.

అతను అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"సార్, ఆయన్ను ఏమనకుండ్రి. ఉతికింది నేను."

వెంకటరామయ్య చొక్కా వైపొకసారి, ఆమె వైపొకసారి చూశాడు. ఆమెకు మొహం మండిపోయింది. సిగ్గుతో నేలలోకి కుంగిపోతాననుకుంది. కానీ కాళ్లు గట్టిగానే నిలబడ్డాయి.

"అరగంట ఇయ్యుండ్రి. ఎట్లుండెనో గట్లనే జేసిస్త."

మేకప్ వాళ్ల దగ్గర్నుంచి ఎర్ర రంగు తెప్పించింది. టీ డికాక్షన్ కలిపి ఎండిన నెత్తుటి రంగుకు తెచ్చింది. శ్రీనిధి ఫోన్‌లోని ఫొటోలో చొక్కా ముందు వైపే ఉంది. వెనక వైపు ఉన్నది భూలక్ష్మి కళ్లలోనే. ఎడమ భుజం కింద మూడు చుక్కలు, మధ్యది పొడుగు. కుడి మోచేతి దగ్గర గోడకు రాసుకున్న సున్నం. ముందు వైపు జేబు మీద విలన్ బొటనవేలి ముద్ర. తిరుమలేశ్ బొటనవేలు పట్టుకుని రంగులో ముంచి తనే అద్దించింది.

చేతులు ఆడుతుండగా ఆమెకు ఒకటి తట్టింది. వేలు మధ్యలోనే ఆగిపోయింది.

"తిర్మలేశా, ప్రభువు సచ్చి లేసిండు గదా. అన్ని బాగుజేసుకున్నోడు చేతులల్ల మేకుల గాయాలు ఎందుకుంచుకున్నడంటవ్?"

"నాకేమెరుక అక్కా?"

"గవి లేకుంటే శిష్యుడు తోమా ఆయన్ను గుర్తువట్టకపోతుండె. కడగరానియి కొన్నుంటయ్ రా. నేను గింతకాలం కడిగేడిదే చెప్పుకుంటొచ్చిన."

శ్రీనిధి నిన్నటి షాట్లను మానిటర్ మీద ఆపి, చొక్కాను పక్కన పెట్టి ముందూ వెనకా తిప్పి చూసింది. చుక్క తేడా లేదు. డైరెక్టర్ చొక్కా మాటే ఎత్తకుండా 'యాక్షన్' అన్నాడు. అంతకు మించిన మెచ్చుకోలు ఆ ఫ్లోరులో దొరకదు. భూలక్ష్మికి మనసు నిండిపోయింది.

ప్యాకప్ తర్వాత వెంకటరామయ్య తల వంచుకుని వచ్చాడు. "ప్రొడక్షన్ వాళ్ల దాకా వెళ్లిందమ్మా. ఎవరో ఒకరిని తియ్యక తప్పదంటున్నారు. తిరుమలేశ్‌ని..."

"ఆయనెందుకు వోతడు? తప్పు నాది, పోయేది నేను." చీర కొంగు బిగించింది. "ముప్పై రెండేండ్లల్ల ఒక్కటే తప్పు సార్. గది గూడ నేనే దిద్దుకున్న. ఎవలకు చెప్పినా గిట్లనే చెప్పుండ్రి."

ఆయన చేతులెత్తి దండం పెట్టాడు. సీనులో చివరి ముక్క రేపటికి మిగిలింది గనుక చొక్కాను భూలక్ష్మే హ్యాంగరుకు వేసింది. కాసేపు తలుపు దగ్గరగా వేసుకుని లోపలే ఉంది. తర్వాత రహమత్ నగర్ వైపు వెళ్లే ఆటో ఎక్కింది. తిరుమలేశ్ మలుపు దాకా చూస్తూ నిలబడ్డాడు. ఆమె వెనక్కి తిరగలేదు. మెడ మాత్రం నిటారుగా ఉంది.

మర్నాడు ఉదయం అతను గది తెరిచేసరికి ఇస్త్రీ బల్ల చల్లగా ఉంది. హ్యాంగరుకు నెత్తుటి చొక్కా, దాని పై గుండీకి నల్లదారంతో మూడు ముళ్లేసి కట్టిన అట్టముక్క, దాని మీద పెన్సిల్‌తో ఒత్తి రాసిన పెద్ద పెద్ద అక్షరాలు: 'సీను అయ్యేదాంక ఉతకొద్దు.'