ఎల్లమ్మ రాకెట్టు, వందమంది నీళ్లదొంగలు

గోపయ్య తన నవల చదువుతుంటే ఎల్బీ నగర్ చౌరస్తాలో బస్సులన్నీ ఆగిపోయాయి. విజయవాడ బస్సు, నల్లగొండ బస్సు, అన్నీ. మూడో అధ్యాయానికి ట్రాఫిక్ కానిస్టేబుల్ కళ్లు తుడుచుకున్నాడు.

సరే, ఆ రోజు తెలంగాణ బంద్. రోడ్డు మీదే పొయ్యి పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బస్సులు పొద్దుటినుంచే లేవు. ఖిచిడీ ఉడికేదాకా వేరే పని లేక జనం విన్నారు.

నవలలో ఎల్లమ్మ తల్లి రాకెట్టెక్కి అంగారకుడి మీదికి వెళ్తుంది. రాకెట్టు ముక్కుకు పసుపు, యాంటెనాకు వేపకొమ్మ, తలుపు దగ్గర కొరడాతో పోతరాజు. అక్కడ నీళ్లు వెతికేవాళ్లు ఐదుగురు, దొంగిలించేవాళ్లు వందమంది. దీన్ని అచ్చు వేస్తానని మాటిచ్చినవాడు పక్క వాటాలో ఉండే రామమోహనరావు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయనకు ప్రెస్సుంది. గోపయ్య ఆశంతా ఆ ప్రెస్సు మీదే.

సరిగ్గా ఆ వందమంది దగ్గరే రావుగారు లేచాడు.

"ఏమయ్యా గోపయ్యా, దొంగలంతా ఇస్త్రీ ప్యాంట్లేసుకుని కోచింగ్ సెంటర్లు పెట్టారే! అంటే మా ఆంధ్రావాళ్లు కౌరవులా? ఇది నా ప్రెస్సులో పడదు."

గోపయ్య కాగితాల మీంచి తలెత్తాడు. "కౌరవులు లేకుంటె దేవునికి పనేముంటది సార్? జర కూసోండ్రి."

"కూర్చోను."

ఆవకాయ జాడీతో వచ్చిన రావుగారి భార్య అమ్మాజీ, కాగితాలు లాక్కుని తర్వాతి పేజీ గట్టిగా చదివింది. ఎల్లమ్మ ఆకాశం దద్దరిల్లేలా అరుస్తోంది: "ఏవయ్యోయ్! ఆ మట్టికాళ్లతో లోపలికొచ్చేస్తారేంటి? తుడిచిన గచ్చు కనపడట్లేదా?" ఐదుగురూ వందమందీ ఒకే గోనెపట్టా మీద కాళ్లు తుడుచుకున్నారు. పోతరాజు కూడా.

రావుగారు తన కాళ్లవైపు చూసుకున్నాడు. ఆ మాటలు ఆయన ఆ పొద్దున కూడా ఇంట్లో విన్నాడు.

"అన్నయ్యగారూ, ఇది నేనే కదండీ?" అంది అమ్మాజీ.

"ఏం జెయ్యాలె చెల్లె, నడుమ గోడ పల్సగున్నది. మా ఇంటామె కౌసల్యకు కోపమొస్తె మాట్లాడుడే బంద్ చేస్తది. ఊకుండే దేవతను రాస్తె ఎవలు భయపడ్తరు?"

జనం గొల్లుమన్నారు. రావుగారు నవ్వాపుకుంటూ, "మరి నేను ఏ గుంపయ్యా?" అన్నాడు.

"కాళ్లు తుడుసుకునే గుంపు సార్. నేను గూడ అండ్లనే."

"ఆ వందలోంచి ఓ పదిమందిని ఇటు మార్చు. వేస్తాను."

"మారుస్త. గీ ఐదుగురిల ఒకణ్ని అటు తోలుత. మా బామ్మర్ది లెక్క ఉన్నడు వాడు."

"దేవత మాటలు మాత్రం ముట్టుకోకండి," అంది అమ్మాజీ, ఆవకాయ వడ్డిస్తూ.

పుస్తకం వచ్చింది. ఈ కథలో నేను కల్పించింది ఒక్కటే. కానిస్టేబుల్ ఏడవలేదు. కళ్లు తుడుచుకున్నవాడు పొయ్యి పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్న లచ్చయ్య.