గడియారం వెళ్ళాక పాడే చరణం

ఆ మంచి వార్త వచ్చినప్పుడు మేమిద్దరం మేడ మీద దుప్పటి మడత పెడుతున్నాం. రెండు కొసలు ఆయన చేతిలో, రెండు నా చేతిలో. పెళ్ళై డెబ్భై రెండు రోజులైనా ఆ పనంటే నాకింకా సరదానే. కొసలు కలపడానికి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆయన కావాలని నా వేళ్ళు పట్టుకుంటారు. "అబ్బ, వదలండి, అత్తయ్య చూస్తారు" అంటాను నేను. ఆయన ఎడమ బుగ్గ మీద సొట్ట పడేలా నవ్వుతారు. ఆ సొట్ట సగం పడిందో లేదో, ఫోను మోగింది. ఆయన తన కొసలు వదిలేసి జేబులో చెయ్యి పెట్టారు. దుప్పటి సగం పోయి నీళ్ళ తొట్టి పక్కన మురికిలో పడింది.

"అవునండీ, నేనేనండీ. అయ్యో, చాలా సంతోషమండీ!"

ఒక పాటకి ఆయన రాసిన వివరణ డిగ్రీ పాఠ్యపుస్తకానికి ఎంపికైందట. రేపు ఉదయం పదింటికి ఆయన పాఠాలు చెప్పే కాలేజీ హాల్లో దాన్ని చదివి వినిపించాలి. అభ్యంతరాలుంటే ఎవరైనా అక్కడే చెప్పొచ్చు. ఎల్లుండి అచ్చుకు వెళ్తుంది. నేను మురికి దుప్పటి చేత్తో పట్టుకునే గెంతాను. ఎందుకు గెంతనూ? ఆ పాట ఆయనకిచ్చింది నేనే.

నిజానికి అది నాది కూడా కాదు, మా పెద్దమ్మది. అమ్మ పోయాక నన్ను పెంచి చదివించింది ఆవిడే, ఆసుపత్రి లాండ్రీలో ఇరవయ్యారేళ్ళు దుప్పట్లు ఉతికి. బడి వదలగానే నేను అక్కడికే వెళ్ళి ఉతికిన బట్టల గుట్ట మీద కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. ఆవిరి, సబ్బు వాసన, తడి గచ్చు. ఇద్దరిద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి దుప్పట్లు మడత పెట్టేవారు, అడుగు ముందుకి, అడుగు వెనక్కి. ఆ అడుగుల్లోంచి పుట్టిన పాట అది. వాళ్ళ మేస్త్రీకి వాళ్ళు పెట్టిన పేరు గడియారం. చేతిలో వాచీ పట్టుకుని తిరిగేవాడు. తన ఇంటి దుప్పట్లు కూడా తెచ్చి, ఆసుపత్రి గుట్టలో పడేసి ఉతికించుకునేవాడు. వాడి మీద కట్టిన పాటే అది, వాడి ఎదుటే పాడేవాళ్ళు.

పెళ్ళైన రెండో వారంలో ఇలాగే మడత పెడుతూ పాడాను.

*కొస నీది కొస నాది గట్టిగ పట్టవే*
*దగ్గరకొచ్చి కలిపి దూరం జరగవే*

*మరక పోలేదని మాటలంటాడే*
*మరక ఎవ్వరిదో మాత్రం అడగడే*

*తలుపు చాటున నిలిచి చెవులొగ్గుతాడే*
*నవ్వులు వినబడితే నొసలు ముడుస్తాడే*

ఆయన ఫోనులో రికార్డు చేసుకున్నారు. మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు. నా పాటని ఒక మగవాడు అంత శ్రద్ధగా వినడం అదే మొదటిసారి. గాల్లో తేలిపోయాను. అర్థమంతా చెప్పాను, దుప్పట్లూ, గడియారమూ, రక్తం మరకలూ. ఆయన నా జడ సర్ది, "అంత పైపైన చూడకూడదు, పిచ్చిపిల్లా. పాటకి లోతుంటుంది" అన్నారు. నిజమే కాబోలు అనుకున్నాను. కొత్త పెళ్ళికూతురికి మొగుడి మాట చల్లటి మజ్జిగలా దిగుతుంది.

నాలుగో చరణం మాత్రం పాడలేదు. అది గడియారం గదిలో ఉన్నంతసేపూ ఎవరూ పాడరు. వాడి చెప్పుల చప్పుడు వరండా దాటాక ఎవరో ఒకరు "పోయాడే" అంటారు, అప్పుడు అందరూ ఎత్తుకుంటారు. నాకూ అదే అలవాటు. ఆ ఒక్కటీ మా మొదటి పెళ్ళిరోజుకి ఆయనకు కానుకగా పాడి వినిపిద్దామని దాచుకున్నాను. చూడండి నా తెలివి!

"ప్రూఫులు పంపారు, ఓసారి తప్పులు చూసిపెట్టు. నీ కన్ను చురుకు కదా" అని కాగితాలు నా చేతిలో పెట్టి ఆయన బయటికి వెళ్ళారు. దుప్పటి మళ్ళీ ఉతికి ఆరేసి, నా నీలం కప్పు నిండా కాఫీ కలుపుకుని, కిటికీ దగ్గర కూర్చున్నాను. నాకెంతో ఇష్టమైన చోటు అది. ఎర్ర పెన్ను కూడా తీసుకున్నాను.

మొదటి పేజీలో ఒక్క అచ్చుతప్పూ లేదు. "ఒక నిరక్షరాస్య స్త్రీ నుంచి సేకరించిన ఈ గీతం భర్త కోసం నిరీక్షించే ఇల్లాలి ఆత్మనివేదన. దగ్గరవడం, దూరమవడం సంయోగ వియోగాలు. మరక ఆమె పాపం. దాన్ని మందలించేవాడు సాక్షాత్తూ భగవత్స్వరూపుడైన భర్త. తలుపు చాటున ఉండి ఆమె నవ్వు గడప దాటకుండా కాచేవాడూ ఆయనే." కింద చిన్న అక్షరాల్లో "గళం: ఒక గృహిణి." ఆఖర్న అభ్యాసం. "పాటలోని స్త్రీ ఓర్పును మీ సొంత మాటల్లో రాయండి. పది మార్కులు."

కాఫీ చల్లారిపోయింది. పెద్దమ్మ వేళ్ళు గుర్తొచ్చాయి, బ్లీచింగు పొడికి తోలు ఊడి, రాత్రుళ్ళు కొబ్బరినూనె రాసుకునే వేళ్ళు. ఎవరి రక్తమో, ఎవరి వాంతో పోలేదని వాడు అందరి ముందూ తిడితే, నోటితో ఎదురు చెప్పలేక ఆ ఆడవాళ్ళు పాటతో చెప్పుకున్నారు. వాళ్ళకున్నది ఆ ఒక్క పాటే. దాన్ని తీసుకెళ్ళి వాడి కాళ్ళ దగ్గరే పెట్టారు ఈయన. ఇక ఏటా పిల్లలు కూర్చుని పెద్దమ్మ ఓర్పు గురించి సొంత మాటల్లో రాస్తారు. పైగా తీసుకెళ్ళి ఇచ్చింది నేను, నవ్వుతూ, జడ సర్దించుకుంటూ.

భోజనాల దగ్గర అడిగాను. "ఏమండీ, పెద్దమ్మ నిరక్షరాస్యురాలేంటండీ? రోజూ పేపరు ఆఖరి పేజీ దాకా చదివితే గానీ మడవదు."

"అలా రాస్తేనే జానపదానికి బరువు. ఆవిణ్ణి తక్కువ చేసినట్టు కాదులే."

"మరి మేస్త్రీ దేవుడెలా అయ్యాడు?"

"మళ్ళీ మొదలెట్టావా? పాడేవాళ్ళకి తెలియని అర్థం పాటలో ఉంటుంది. దాన్ని పట్టుకునేవాడే విమర్శకుడు. కూర బాగుంది, ఇంకాస్త వెయ్యి."

వేశాను. అత్తయ్య సంబరంగా, "వాడి పేరు పుస్తకంలో పడుతోందంటే నువ్వు ఈ ఇంట్లో కాలుపెట్టిన వేళావిశేషమేనమ్మా" అన్నారు. కాలు కాదు అత్తయ్యా, గొంతు అనబోయి ఊరుకున్నాను.

"రేపు నేనూ రానా?" అన్నాను.

"నువ్వెందుకు? సభ అయ్యాక ఆరుగురు భోజనానికి వస్తున్నారు. ఇంట్లో నువ్వుంటేనే నాకు ధైర్యం." సొట్ట పడింది. పాపిష్టి సొట్ట, అప్పుడు కూడా ముద్దొచ్చింది.

ఆయన మళ్ళీ బయటికి వెళ్ళగానే పెద్దమ్మకి ఫోను చేసి మొత్తం చదివి వినిపించాను.

"నేను చదువురానిదాన్నా?"

"ఊఁ."

"మరి గడియారం?"

"దేవుడట."

అవతల వెక్కినట్టు వినిపించింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వు! ఊపిరాడనంత నవ్వు. "ఒసేయ్, వాడి నోటి కంపుకి మేం కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళమే! దేవుడికి నోటి కంపేమిటే!" అంది. అంతలో గొంతు మారింది. "నాలుగోది చెప్పావా అల్లుడికి?"

"లేదు."

"మంచి పని చేశావు. ఎన్నింటికి సభ?"

ఫోను పెట్టేశాక చూసుకుంటే నాకు కోపం లేదు. దాని బదులు మరొకటి వచ్చి కూర్చుంది, అద్దంలో నా మొహం వెలిగిపోయేంత హాయిగా. పగ ఇంత బాగుంటుందని నాకెవరూ చెప్పలేదు. కొత్త చీర మడత విప్పినంత బాగుంది. పాడుకుంటూ మేడెక్కాను. దుప్పటి ఇంకా ఆరలేదు. అది ఆయన రోజూ కప్పుకునేదే. తీగ మీంచి తీశాను. ఒక్కదాన్నే మడత పెట్టలేక అవస్థ పడుతుంటే అత్తయ్య వచ్చి రెండు కొసలు అందుకున్నారు.

"ఇంకా తడిగా ఉందే?"

"అవునత్తయ్యా."

"ఇలా మడత పెడితే ముక్కిన వాసనొస్తుంది. కప్పుకున్నవాళ్ళకి ఒళ్ళంతా దురద."

"అవునత్తయ్యా." ఇక దాచలేక నాలుగో చరణం పాడేశాను.

*ఈ దుప్పటి వాడి పక్క మీదికేనే*
*తడి ఆరకముందే మడత పెట్టవే*

అత్తయ్య నన్ను చూశారు. దుప్పటిని చూశారు. తీగ మీద ఇంకా వేలాడుతున్న తొమ్మిది జతల బట్టల్ని చూశారు. "నా పెళ్ళైన కొత్తలో, ముప్ఫై నాలుగేళ్ళ కిందట ఎవరైనా నేర్పి ఉంటే బాగుండేది" అని, అడుగు ముందుకేసి కొసలు కలిపారు. మడతలో అంచు కూడా తప్పలేదు.

సాయంత్రం ఆయన వచ్చి, అద్దం ముందు నిలబడి రేపటి ప్రసంగం వల్లిస్తున్నారు. "ఓర్పుకి మారుపేరైన స్త్రీ..." దగ్గర చెయ్యి ఎత్తారు. నేను టీ కప్పు పక్కన పెట్టాను. ప్రూఫులు దాని పక్కన పెట్టాను. వాటి మీద ఎర్ర సిరా చుక్క కూడా లేదు.

"తప్పులేం లేవా?" అన్నారు మురిసిపోతూ.

"ఒక చరణం తక్కువైంది. పాటకి నాలుగండీ."

చెయ్యి అలాగే గాల్లో ఆగింది. "నాలుగా? మరి నాకెందుకు పాడలేదు?"

"గడియారం గదిలో ఉండగా పాడరు కదండీ."

ఆయన నవ్వబోయారు. సొట్ట పడలేదు. వంటింటి గుమ్మంలోంచి అత్తయ్య, "ఆ ఆరుగురికీ హోటల్లో చెప్పుకోరా. రేపు పొద్దున్నే నేనూ బయటికి వెళ్ళాలి" అన్నారు.

"ఎక్కడికే?" అన్నారాయన, నా వైపు చూస్తూ.

"మీ సభకేనండీ" అన్నాను. "పెద్దమ్మ, ఆవిడతో లాండ్రీలో పనిచేసిన ముగ్గురు, అత్తయ్య, నేను. ఆరుగురం, మూడు దుప్పట్లు. అభ్యంతరాలు ఉన్నాయా అని అడగ్గానే లేచి నిలబడతాం. రేపు మాత్రం గడియారం గదిలో ఉండగానే నాలుగూ పాడతాం."