కిటికీ పైన ఉల్లిపాయల పాట

ఉల్లిపాయలు తరిగేటప్పుడే నాకు పాటలు తోస్తాయి. పెళ్ళయి తొమ్మిది వారాలు. కొత్త వంటగది, కొత్త కత్తి, వెనకనించి చప్పుడు కాకుండా వచ్చి మెడ మీద ముద్దు పెట్టే ఎల్మర్. ప్రతిదానికీ నవ్వొస్తోంది నాకు. ఫిలడెల్ఫియా ట్రాముల్లో కిటికీల పైన ప్రకటనల అట్టలు పెట్టే కంపెనీలో ఎల్మర్ ఉద్యోగం. డబ్బాల్లో అమ్మే సూపు ప్రకటనకి పాట కుదరక ఒకరోజు అతను తల పట్టుక్కూచుంటే, తరుగుతూనే అన్నాను:

“ఉల్లి తరిగి ఏడ్వనేల, ఓ తల్లీ?
మూత తీసి వేడి చెయ్యి, మళ్ళీ మళ్ళీ!”

నన్నెత్తి గిరగిరా తిప్పాడు. అట్ట ట్రాములెక్కింది, ఎల్మర్ పాటగా.

“ఆడది రాసిందంటే ఆఫీసులో నవ్వుతారే హెస్టర్! అయినా మనిద్దరం ఒకటే కదా?”

కాలేజీలో నాలుగేళ్ళు కవిత్వం చదివినదాన్ని, ఆ ‘ఒకటే’కి మురిసిపోయాను. అత్తగారు మాత్రం, “నా కొడుకు పాట బంగారం. ఆ డబ్బా మాత్రం నా గడప తొక్కడానికి వీల్లేదు. ఇంట్లో కోడలున్నదెందుకు?” అన్నారు. మళ్ళీ ఉల్లిపాయలు ముందేసుకున్నాను. ఇంకో పాట వచ్చింది. అది ఎల్మర్‌కి ఇంకా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే తెలియలేదు.

నిన్న ముగ్గురం ట్రామెక్కాం. ఎదురుగా ఒక పెద్దాయన పెదవులు కదుపుతూ నా పాట చదువుకుంటున్నాడు. నాకు ఒళ్ళు పులకరించింది. అంతలో ఎల్మర్ పై అధికారి ట్విచెల్‌గారు ఎక్కారు.

“ఏమోయ్ కవీ! సోమవారం అట్టలు మారాలి. కొత్త పాటేదీ? ఇక్కడే కట్టు, వింటాం. నీకదెంత పని!”

జనమంతా ఇటు తిరిగారు. అత్తగారు గర్వంగా టోపీ సర్దుకున్నారు. ఎల్మర్ “ఉల్లి... ఉల్లి...” అని ఆగిపోయాడు. అతని వేళ్ళు నా చేతిని నొక్కేస్తున్నాయి. “చెప్పవే,” అన్నాడు చెవిలో.

పాట నాలుక చివరే ఉంది. అందిస్తే అతని పరువు నిలుస్తుంది, నేను జన్మంతా అందిస్తూనే ఉంటాను. అందించకపోతే? ఆ మెడ మీది ముద్దు మళ్ళీ ఉంటుందా?

ట్విచెల్‌గారు నవ్వుతూ నావైపు తిరిగారు. “ఇంట్లో కూడా ఇలా పాటలతో చంపుతుంటాడా అమ్మా?”

చేతొడుగులోంచి కూడా ఉల్లి వాసన వస్తోంది. మెల్లగా ఎల్మర్ వేళ్ళు విడిపించుకున్నాను.

“లేదండీ. మా ఇంట్లో ఉల్లిపాయలు తరిగేది నేను.”