చెల్లెలి బీరువా

పాత బట్టలు కొనేవాళ్ళు అడిగే ప్రశ్నలు పోలీసులు కూడా అడగరు. ఎన్నిసార్లు ఉతికారు? ఇంట్లో పిల్లి ఉందా? చంక కింద రంగు వెలిసిందా? అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాక, సగానికి ఇస్తారా అని ఒకరు, ఊరికే ఇస్తారా అని ఇంకొకరు. నాకసలే ముక్కు మీద కోపం. పగలంతా పళ్ళ డాక్టరుగారి దగ్గర చీటీలు రాస్తూ, నోరు తెరవడానికి భయపడేవాళ్ళకి నచ్చజెప్పి వస్తాను. ఇంటికొస్తే మళ్ళీ ఫోన్లో, పాత బట్టలమ్మే యాప్‌లో ఈ సంత. ఒకరిద్దరిని కడిగేసి, ఆ యాప్ వాళ్ళ చేత చీవాట్లు కూడా తిన్నాను.

నేను అమ్మేది నా బట్టలు కాదు. మా చెల్లెలివి.

అమ్మ పోయాక మేమిద్దరమే ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నాకు యాభై దగ్గరపడుతున్నాయి, దానికి నలభై దాటాయి. ఇద్దరికీ పెళ్ళి ఊసు ఎప్పుడో సర్దుమణిగింది. ఒకరోజు అది వేరే గది తీసుకుంటానంది. ఆఫీసుకి దగ్గరట. అసలు సంగతి అది కాదని నాకు తెలుసు, నాకు తెలుసని దానికీ తెలుసు. గట్టిగా అడిగితే చెప్పింది.

"నీతో ఉంటే నేనింకా స్కూలు పిల్లలాగే ఉన్నానక్కా. దువ్వెన ఎక్కడ పెట్టాలో కూడా నువ్వే చెప్తావు."

నేను ఒంటికాలి మీద లేచాను. "పో. పోతే మాత్రం మళ్ళీ ఈ గడప తొక్కకు" అన్నాను. కోపంలో ఎవరైనా అనే మాటే. అది ఆ మాటే పట్టుకుని కూర్చుంది. రెండు సూట్‌కేసులు తీసుకుని, మిగతావి తర్వాత పట్టుకెళ్తానని వెళ్ళింది. రాలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ లెక్కన మా ఇంట్లో ఇద్దరం రాజుల్ని తలదన్నేవాళ్ళమే. ముందు ఎవరు ఫోన్ చేస్తారన్న పంతంలో రెండేళ్ళు గడిచిపోయాయి.

దాని బీరువా నా గదిలో అలాగే ఉండిపోయింది. తలుపు తీస్తే దాని సబ్బు వాసన. మొదట్లో తీసేదాన్నే కాదు, తర్వాత రోజూ తీయడం మొదలుపెట్టాను. ఇంట్లో పలకరించే దిక్కు లేక ఒకరోజు దాని కోటుతో, "వాన వచ్చేలా ఉంది కదే" అన్నాను. అన్నాక నాకే భయమేసింది. ఇలాగే ఉంటే పిచ్చెక్కుతుందనిపించింది. ఇదేమైనా గోడౌనా, ఎవరి సామాన్లో నేనెందుకు మొయ్యాలి అని కోపం తెచ్చుకుని, ఆ ఆదివారమే దాని చొక్కా ఒకటి ఫోటో తీసి అమ్మకానికి పెట్టాను. 'మా చెల్లెలిది. పొట్టిగా, సన్నగా ఉన్నవాళ్ళకి సరిపోతుంది' అని రాశాను.

కాసేపటికే ఒకరు అడిగారు. పేరు చోట 'నీలి బొత్తం' అని ఉంది. ఆ యాప్‌లో ఎవరూ అసలు పేరు పెట్టుకోరు. నీలి బొత్తం బేరమాడలేదు. పిల్లి ఊసెత్తలేదు. "తొందరేం లేదు, మీకు వీలైనప్పుడే పంపండి" అని రాసింది. పార్శిల్ పంపాల్సింది ఇంటికి కాదు, మార్కెట్ వీధిలో ఉన్న పార్శిల్ కౌంటరుకి. అక్కడికొచ్చి తీసుకుంటుందట. మార్కెట్ వీధి మా చెల్లెలి ఆఫీసు వెనకే.

నాకు అక్కడే అనుమానం తగిలింది. తర్వాత మోచేతి దగ్గర రఫూ చేసిన స్వెటర్ పెట్టాను. రఫూ దాచకుండా దగ్గరగా ఫోటో తీసి మరీ పెట్టాను. నీలి బొత్తమే తీసుకుంది. "రఫూ చక్కగా కుదిరింది. మీరే చేశారా?" అని అడిగింది. మెడ సాగిపోయిన గౌను, ఎవరూ కన్నెత్తి చూడని పసుపు చొక్కా, ఇస్త్రీపెట్టె మచ్చ ఉన్న స్కర్టు, అన్నీ ఆవిడకే కావాలి. ఇస్త్రీ మచ్చ పడ్డ స్కర్టుకి డబ్బులిచ్చే మనిషి లోకంలో ఒక్కర్తే ఉంటుంది, ఆ మచ్చ చేసిన మహాతల్లి. ఇంకేం రుజువు కావాలి? గడప తొక్కకుండా తన బట్టలు తనే కొనుక్కుంటోంది. ఎంత మొండిఘటమో అనుకుని వంటింట్లో ఒక్కదాన్నే పైకి నవ్వాను. అలా నవ్వి చాలా కాలమైంది.

అప్పట్నుంచి నాకు ఆదివారమంటే పండగే. వారానికి ఒక్కటే పెట్టేదాన్ని. రెండు పెడితే తొందరగా అయిపోతాయని భయం. ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, ఊడిన బొత్తాలు కుట్టి, కిటికీ దగ్గర మంచి వెలుతురు చూసి ఫోటో తీసేదాన్ని. కింద రాసే నాలుగు ముక్కలూ దానికి తగిలేలా రాసేదాన్ని. 'జేబు చిరిగి చిల్లరంతా పడిపోయేది, కుట్టాను.' 'వేసుకున్నప్పుడల్లా మెడ దగ్గర గుచ్చుకుంటోందని గోల చేసేది, లోపల మెత్తటి గుడ్డ వేశాను.' నీలి బొత్తం ప్రతిసారీ ఏదో ఒక మంచి మాట రాసేది. ఒకసారి, "మీరు ఒక్కరే ఉంటారా? వేళకి తింటున్నారా?" అని రాసింది. అది చదివి నేను ఏడ్చాను. ముక్కు తుడుచుకుని, "తింటున్నాను. మీరు?" అని రాశాను. మా చెల్లెల్ని 'మీరు' అనడం తమాషాగా ఉంది. ఎవరి పంతం వాళ్ళం నిలబెట్టుకుంటూనే ఇలా మాట్లాడుకుంటున్నాం కదా, అడిగి పాడుచేసుకోవడం ఎందుకని ఊరుకున్నాను.

కానీ బీరువా అక్షయపాత్ర కాదు. చివరికి ఒక్క కోటు మిగిలింది. అది కూడా పంపేస్తే నీలి బొత్తంతో నాకు మాట ఉండదు. నా బట్టలు పెడదామా అంటే, నేను మా చెల్లెలికి రెండింతలు. నా గౌనులో అది కాపురం పెట్టొచ్చు. రెండు ఆదివారాలు ఏమీ పెట్టకుండా నానబెట్టాను. "బాగున్నారా? కనపడటం లేదు" అని నీలి బొత్తమే పలకరించింది. ఇక ఆగలేకపోయాను. "ఒక కోటు ఉంది. పార్శిల్లో పంపను, నేనే తెచ్చి ఇస్తాను. ఎక్కడికి రమ్మంటారు?" అని రాశాను. రాశాక ఫోన్‌ని దిండు కింద పెట్టి గదిలో అటూ ఇటూ తిరిగాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. "తప్పకుండా రండి. పార్శిల్ కౌంటరు పక్క మెట్లెక్కండి. టీ తాగుదాం."

డాక్టరుగారికి జ్వరమని చెప్పి సెలవు పెట్టాను. కోటు సంచిలో పెట్టుకుని, దారి పొడుగునా బస్సులో మొదటి మాట ఏమనాలా అని వల్లె వేసుకున్నాను. తిట్టకూడదు. ముందే ఏడవకూడదు. గది శుభ్రంగా లేకపోయినా ఏమీ అనకూడదు. దువ్వెన ఎక్కడున్నా సరే, చూడనట్టే ఉండాలి.

మెట్లెక్కితే అక్కడున్నది గది కాదు, కొట్టు. ఎటు చూసినా హ్యాంగర్లకి పాత బట్టలు. మెళ్ళో టేపు వేసుకున్న పెద్దావిడ ఒకరు బల్ల వెనక నుంచి లేచి వచ్చారు.

"కోటు తెచ్చారా అమ్మా? నేనే నీలి బొత్తాన్ని."

నేను ఆవిడ భుజం మీదుగా వెనక్కి చూశాను. అక్కడ ఒక తెర ఉంది. తెర వెనక నుంచి చెల్లెలు నవ్వుతూ వస్తుందేమోనని ఇంకా ఆశ. టీ మరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు. గోడవారగా మాత్రం దాని బట్టలు విడిగా ఒక రాడ్డుకి వేలాడుతున్నాయి. రఫూ స్వెటర్, మచ్చ స్కర్టు, దాదాపు అన్నీ.

"పసుపు చొక్కా, ఇంకో రెండు అమ్ముడుపోయాయి" అన్నారావిడ. "మిగతావి కలిపే ఉంచాను. మీరంత శ్రద్ధగా పంపినవి గుట్టలో పడెయ్యబుద్ధి కాలేదు."

నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చారు. కాసేపాగి, నా చేతిమీద చెయ్యి వేసి మెల్లిగా అడిగారు. "ఏం జబ్బమ్మా, మీ చెల్లెలికి?"

"జబ్బేంటి?"

"ఈ వ్యాపారంలో నేను చూడని బాధ లేదు తల్లీ. ఇంట్లో మనిషి పోతే, కొందరు కళ్ళతో చూడలేక మర్నాడే మూటలు కట్టి తెచ్చి పడేస్తారు. కొందరు మీలాగ ఉతికి, ఇస్త్రీ చేసి, ఒక్కొక్కటే వదులుతారు. అలాంటివాళ్ళ దగ్గర నేను బేరమాడను. మచ్చలున్నా తీసుకుంటాను. ఇంకేం చెయ్యగలం, పాపం."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మా చెల్లెలు నిక్షేపంలా ఉందండీ! ఇదిగో, ఈ వీధి వెనకే దాని ఆఫీసు. గుండ్రాయిలా ఉన్న మనిషిని నోటికొచ్చినట్టు చంపేస్తారేంటి?"

ఆవిడకి కోపం రాలేదు. కళ్ళజోడు తీసి, నన్ను పరీక్షగా చూశారు.

"చల్లని మాట చెప్పావమ్మా. ఇన్నాళ్ళూ నిన్ను తలుచుకుని బెంగపడ్డాను. మరి, బతికున్న మనిషి బట్టలు ఆ మనిషికివ్వకుండా నాకెందుకు అమ్ముతున్నావు?"

ఎవరేమన్నా ఠక్కున తిప్పికొట్టే నోరు నాది. అయినా సంచి దగ్గరికి లాక్కున్నాను. కోటు ఇవ్వలేనని, క్షమించమని మాత్రం చెప్పి లేచాను. ఆవిడ సరేనన్నట్టు తలూపి, టీ పూర్తిగా తాగి వెళ్ళమన్నారు.

మెట్లు దిగుతుంటే ఒక్కొక్కటీ అర్థమైంది. ఇన్ని ఆదివారాలూ నేను మాట్లాడింది మా చెల్లెలితో కాదు. రెండేళ్ళలో అది నాతో ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. తింటున్నావా అని అడిగింది ముక్కూ మొహం తెలియని ఒక పెద్దావిడ, అదీ జాలిపడి. ఇంత ఒంటరిదాన్నని నాకు అమ్మ పోయిన రోజు కూడా అనిపించలేదు. ఆ రోజు పక్కన అది ఉంది.

బస్టాపులో కూర్చుని ఫోన్ తీశాను. పంతం, పరువు అన్నీ గుర్తొచ్చాయి. వాటితోపాటే ఆవిడ అడిగిన జబ్బు కూడా. నంబరు నొక్కాను. అది వెంటనే ఎత్తింది.

"అక్కా? ఏమైంది? ఎవరు పోయారు?"

దాని తప్పు లేదు. మాటల్లేని ఇంటినుంచి ఫోన్ వచ్చిందంటే ఎవరికైనా తట్టే కబురు అదే.

"ఊళ్ళో పెద్దమ్మా? మాట్లాడవేంటి, పెద్దమ్మ పోయిందా?"

"ఎవరూ పోలేదే" అన్నాను. బస్సులో వల్లె వేసుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. ఏడుపొచ్చేసింది. "ఎవరూ పోలేదు. నువ్వున్నావు, నేనున్నాను. అందుకే ఫోన్ చేశాను."

అవతల నుంచి మాట లేదు. పెట్టేసిందనుకుని ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి చూశాను. పెట్టెయ్యలేదు.