సన్నబడిన చెట్టు

పదిహేడో అంతస్తు బాల్కనీలో చెట్టు మొదలు చుట్టూ టేపు పట్టి, ఆర్కిటెక్టు కళ్లజోడు సవరించుకుని మళ్లీ చూసింది. ఇరవై ఆరు సెంటీమీటర్లు. నాలుగు నెలల కిందట తన చేత్తో రాసుకున్న అంకె ముప్పై ఒకటి. చెట్టు ఎదగకపోవడం చూసింది గానీ, చిక్కిపోవడం ఆమె ఎక్కడా వినలేదు.

ఇంటింటికీ ఒక చెట్టు ఉండేలా ఈ ఇరవై అంతస్తుల భవనాన్ని గీసింది ఆమే. యజమానులను ఒప్పించి పని తెచ్చేది అన్నయ్య. పక్క స్థలంలో అచ్చం ఇలాంటిదే ఇంకొకటి కట్టాలని ఈ యజమాని ముచ్చటపడుతున్నాడు. వచ్చే వారమే నమూనా ఖాయం చేయాలి.

“ఈ చెట్టు మార్చారా?” అని తోటమాలిని అడిగింది.

“అబ్బే, లేదమ్మా. కొమ్మలు కత్తిరించామంతే” అన్నాడు, చూపు తొట్టిలోకి దించి.

కొమ్మలు కొట్టేస్తే మొదలు సన్నబడుతుందా? చెట్లు బయట ఎవరికైనా అమ్ముకుంటున్నాడేమో అనుకుంది. లిఫ్టు కోసం నిలబడితే వెనక నుంచి, ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్న అతని గొంతు సన్నగా వినిపించింది: “కొలిచారు సార్. అనుమానమొచ్చింది.”

ఎవరా సారు?

మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా వచ్చి, సామాన్ల లిఫ్టులో నేలమాళిగకు దిగింది. పంపుల గది వెనక టార్పాలిన్ ఎత్తి చూస్తే తొమ్మిది చెట్లు, ఎండి వరుగులైపోయి ఉన్నాయి. చప్పుడు విని వచ్చిన తోటమాలి అక్కడే చతికిలపడ్డాడు.

“పద్నాలుగో అంతస్తు దాటితే గాలి ఊరుకోదమ్మా. ఊగి ఊగి వేళ్లు తెగిపోతున్నాయి. మీరొచ్చే లోపు కొత్తవి పెట్టమన్నారు మీ అన్నగారు.”

ఆఫీసులో అన్నయ్య టీ తాగుతున్నాడు.

“పదిహేడో అంతస్తు చెట్లు ఎలా ఉన్నాయన్నయ్యా?”

“భేషుగ్గా ఉన్నాయి. నీ చేతి చలవ!”

ఆయన చేతిలో కప్పు కూడా కదల్లేదు.

“నేలమాళిగలో ఉన్న తొమ్మిదీనా?”

ఆయన కప్పు కింద పెట్టాడు. “చెబితే నువ్వు కుమిలిపోతావని దాచానే” అన్నాడు చివరికి. “చచ్చినవి మార్చుకుంటూ పోతే సరిపోతుందిగా.”

“ఎన్నాళ్లు? విరిగి ఎవరి నెత్తినో పడేదాకానా?”

తన మీద జాలితో దాచాడా, రెండో పని చేజారుతుందనా? ఆయన ముఖం చూసి తేల్చుకోలేకపోయింది.

ఆ సాయంత్రం అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకునే యజమానికి అంతా చెప్పేసింది. యజమాని ముఖం మాడిపోయింది. పని ఆరు నెలలు వెనక్కి పోయింది. కొత్త నమూనాలో చెట్లు పద్నాలుగో అంతస్తుతో ఆగిపోయాయి. ఆ పైన తోటమాలి ఎంచిన తీగలూ పొట్టి పొదలూ పెట్టింది. పాత భవనంలోనూ పై చెట్లన్నీ తీయించేసింది.

అన్నయ్య ఇప్పుడు ఏదీ దాచడం లేదు. దాచడం లేదని ఆమే అందరికీ చెబుతుంది. అయినా “సైటులో అంతా బాగానే ఉంది” అని ఆయన ఫోన్ చేస్తే, సరేనని పెట్టేసి, చెప్పులు వేసుకుని సైటుకు బయల్దేరుతుంది.