బస్తాకు మోకాళ్ళుండవు

పెద్దాయన మేడ మెట్లు దిగి ఏళ్ళు గడిచాయి. కాళ్ళు పడిపోయి మోకాళ్ళు కర్రల్లా బిగుసుకున్నాక, మూడో అంతస్తులోని రెండు గదులే ఆయనకు లోకమయ్యాయి. ఆ మేడకు లిఫ్టు లేదు. తల్లీ తండ్రీ లేని మనవరాలిని ఆ గదుల్లోనే పెంచి పెద్దచేశాడు.

ఆదివారం చర్చిలో ఆరాధన ముగిశాక ఆ పిల్ల లేచి నిలబడింది. "శనివారం నా పెళ్ళి. తాతయ్య చెయ్యి పట్టుకుని ఈ గుమ్మం దాటాలని ఉంది. ఆయన్ని కిందికి దింపడానికి ఎవరైనా సాయం చేస్తారా?" అని అడిగింది.

వెనక వరుసలోంచి హమాలీల మేస్త్రీ చెయ్యెత్తాడు. పక్కనున్న భార్య మోచేత్తో పొడిచింది కానీ అప్పటికే అందరూ చూసేశారు.

"ఎవర్ని మోస్తానన్నావో తెలిసే అన్నావా?" దారి పొడుగునా ఆవిడ సణుగుతూనే ఉంది. "బస్తా చిరిగిందని నిన్ను గోదాములోంచి గెంటించిన సూపర్‌వైజరు కదూ ఆయన!"

"మర్చిపోతానా? ప్రార్థనకి మోకరిస్తే చాలు, ఆయన మొహమే అడ్డొస్తుంది."

"అయితే ఆ బరువు దించుకోడానికా ఈ బరువు ఎత్తుకోవడం?"

"చెయ్యెత్తేటప్పుడు అదేం గుర్తులేదే. ఆ పిల్ల మొహమే కనబడింది."

భార్య కొంగు భుజాన సర్దుకుంది. "నడుం పట్టేస్తే మాత్రం నన్ను పిలవకు," అంది. ఆ మాటలో ముందున్న కారం లేదు.

శుక్రవారం సాయంత్రం మేస్త్రీ, అతని ముఠాలోని ముగ్గురూ కలిసి చేతుల కుర్చీకి బియ్యం బస్తా కట్టి మెట్ల మీద దింపి చూశారు. మలుపుల్లో ఎక్కడా గోడ తగల్లేదు. ముఠాలో అందరికంటే పొడుగువాడు, అందుకే నిచ్చెన అని పేరుపడ్డవాడు, బస్తాకు దండం పెట్టాడు. "బుద్ధిమంతుడు అన్నా! కిక్కురుమనలేదు."

శనివారం పొద్దున మార్కెట్లో లారీల పని వేరే ముఠాకు వదిలేసి నలుగురూ మేడెక్కారు. పెద్దాయన కోటు తొడుక్కుని సిద్ధంగా ఉన్నాడు. మేస్త్రీని చూడగానే కనుబొమలు ముడిపడ్డాయి.

"నువ్వా? మెట్ల మీంచి తోసి కసి తీర్చుకుందామనా?"

"అంత మాటనకండి అయ్యగారూ. నా చేతిలోంచి ఇంతవరకూ ఒక్క బస్తా జారలేదు."

"ఒకటి చిరిగింది."

"చిరిగింది. జారలేదు."

నిచ్చెన ఫక్కున నవ్వి నోరు మూసుకున్నాడు. కుర్చీ లేచింది. మొదటి మలుపు దగ్గరే ఆగిపోయింది. ముందుకు చాచుకున్న కాళ్ళు గోడకు తగిలాయి. వెనక్కి జరిపితే కుర్చీ వీపు తగిలింది. ఎటు తిప్పినా అంతే.

"నిన్న సాఫీగా దిగిందే!" నిచ్చెన నెత్తి కొట్టుకున్నాడు.

"బస్తాకు మోకాళ్ళుండవురా," అన్నాడు మేస్త్రీ నీరసంగా. ఎత్తూ బరువూ చూసుకున్నారు కానీ, ముఠాలో ఒక్కడికీ కాళ్ళ సంగతి తట్టలేదు.

వీధి చివరనుంచి చర్చి గంట మొదలైంది. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. "చాలు. నన్ను పైకి తీసుకుపొండి. నా దీవెనలు అమ్మాయికి చెప్పండి."

మేస్త్రీ కుర్చీ ముందు మెట్టు మీద కూర్చుని వీపు చూపించాడు. "ఎక్కండి."

"నీ వీపు మీదా? నిన్ను గెంటించినవాణ్ణిరా నేను."

"నేనెలాంటివాణ్ణో చూసి మరీ ప్రభువు నన్ను ఎత్తుకునేవాడైతే, నేనీపాటికి ఎక్కడుండేవాణ్ణో! ఎక్కండి అయ్యగారూ, గంట కొడుతున్నారు."

పెద్దాయన ముందుకు వంగాడు. చేతులు రెండూ వచ్చి మేస్త్రీ మెడను చుట్టుకున్నాయి. ముఠావాళ్ళు తలపాగాలు విప్పి, బిగిసిన కాళ్ళు నిలువుగా కిందికి వేలాడేలా ఆయన్ని వీపుకు కట్టారు. నిచ్చెన ముందుండి వెనక్కి దిగుతూ మెట్టు మెట్టుకూ మేస్త్రీ పాదం పట్టి ఆనించాడు. మిగిలిన ఇద్దరూ ఆయన కాళ్ళు మెట్లకు తగలకుండా వెనకనుంచి ఊతమిచ్చారు. మేస్త్రీ మెడ మీద తడి తగిలింది.

వీధిలోకి రాగానే ఎండ మొహాన కొట్టింది. దర్జీ మిషను ఆపి బయటికొచ్చాడు. బస్సు డ్రైవరు బండి ఆపి దారిచ్చాడు. ముఠా "ఐలెస్సా" అని పాట అందుకుంది.

"నెమ్మదిరా! కుడివైపు గుంట!" అని పైనుంచి గర్జన వినబడింది.

"సూపర్‌వైజరు లేచాడ్రోయ్!" అని నిచ్చెన అరిచాడు. వీధంతా నవ్వింది. అందరికంటే గట్టిగా పెద్దాయనే నవ్వాడు.

చర్చి గుమ్మంలో తెల్లబట్టల్లో పెళ్ళికూతురు. "తాతయ్యా!" అంటూ పరుగెత్తుకొచ్చి, మేస్త్రీ భుజం మీంచి వేలాడుతున్న చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వదలకుండానే గుమ్మం దాటింది. మేస్త్రీ ఆమె అడుగుకు అడుగు కలిపాడు. చెమట కళ్ళలోకి కారుతోంది, మోకాళ్ళు లాగేస్తున్నాయి, అయినా పెళ్ళివారి ఏనుగులా తలెత్తి నడిచాడు. జనం ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. మేస్త్రీ భార్య అందరికంటే ముందే లేచింది.

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "ఈ పెళ్ళికూతురిని ఎవరు అప్పగిస్తున్నారు?"

పెద్దాయన మేస్త్రీ భుజాన్ని గట్టిగా పట్టుకుని, గోదాము కప్పు అదిరిపోయేలా ఒకప్పుడు అరిచిన ఆ గొంతుతోనే అన్నాడు.

"మేమే!"