ఆరో గొట్టం

వాచీల మేస్త్రికి ఇవాళ పది వేళ్ళూ, రెండు కళ్ళూ ఉన్నాయంటే అది వాళ్ళక్క చలవే. ఆ మాట ఇప్పుడు ఎదురుపడ్డవాళ్ళందరికీ ఆయనే చెబుతుంటాడు. ఆ రోజు మాత్రం అక్కను విసుక్కోవడంతోనే సరిపోయింది.

భార్య పోయాక ఆయన మకాం అక్క ఇంట్లోనే. ముందుగది అక్క కుట్టుపని దుకాణం, వెనకగది ఆయన పిస్తోళ్ళది. పందొమ్మిదో శతాబ్దంలో, ఒకసారి మందు కూరితే వరసగా ఐదారు గుళ్ళు పేల్చేలా చేసిన పిస్తోళ్ళంటే ఆయనకు ప్రాణం. బీరువాలో పందొమ్మిది ఉన్నాయి. ఇరవయ్యోది పదకొండేళ్ళు వెతగ్గా వెతగ్గా దొరికింది. ఆరు గొట్టాలు ఒకే కట్టగా ఉండి, ట్రిగ్గరు నొక్కినప్పుడల్లా ఆ కట్ట ఒక్కో మెట్టు తిరగాలి. తీరా ఇంటికొచ్చాక చూస్తే తుప్పుకి బిగుసుకుపోయింది. పది రోజులపాటు ఇరుసులో నూనె చుక్కలు వేసినా కదిలితేనా!

పదకొండో రోజు దాన్ని పట్టుకుని వంటింట్లోకి వచ్చి స్టవ్వు వెలిగించాడు. కిటికీ దగ్గర స్వెట్టరు అల్లుకుంటున్న అక్క తలెత్తింది.

"ఏంట్రా, దాన్ని వేపుడు చేస్తావా?"

"కాస్త వేడి తగిలితే తుప్పు వదులుతుందక్కా."

"లోపల ఏమైనా ఉందేమో చూశావా?"

"ముప్పై ఏళ్ళుగా చూడకుండానే సేకరిస్తున్నానా? పై గొట్టంలో కడ్డీ పెట్టి కొలిచాను. బయట ఎంత పొడవుందో లోపలా అంతే. ఖాళీ."

"మరి మిగతా ఐదూ?"

"అన్నీ ఒక్క కట్టేగా! ఎవడైనా ఒకటి పేల్చి మిగతావి దాచుకుంటాడా?"

"దాచుకున్నాడేమో, నీకేమైనా ఉత్తరం రాశాడా? నలభై ఏళ్ళుగా కోట్లు కుడుతున్నాను. రెండు చేతులూ ఒక్క మనిషివే కదా అని ఏనాడూ ఒకటే కొలిచి ఊరుకోలేదు. ఇలా తే."

స్టవ్వు ఆపేసి, చేతిలోని అల్లిక సూదిని ఒక్కో గొట్టంలో దింపి, అంచు దగ్గర గోరు పెట్టి చూసింది. ఐదింటికీ గోరు ఒకేచోట ఆగింది. ఆరోదాంట్లో సూది ముప్పావు అంగుళం ముందే నిలిచిపోయింది.

"ఏదో అడ్డముంది."

"తుప్పయ్యుంటుంది," అంటూ సూది లాక్కున్నాడు. తనూ దింపి చూశాడు. మళ్ళీ చూశాడు. సూది ఈసారీ అక్కడే ఆగింది. పొడిగా ఉంటే నూటయాభై ఏళ్ళయినా తుపాకిమందు చావదని ఎంతమందికి చెప్పాడో! తను స్టవ్వు ముందు నిలబడ్డప్పుడు గొట్టాల మూతులు ఎటున్నాయో అప్పుడు గుర్తొచ్చింది. కిటికీ వైపు. అక్క వైపు.

మర్నాడు మ్యూజియంలో ఆయుధాలు బాగుచేసే మేస్త్రి వచ్చి, నీళ్ళతో తడిపి, సీసపు గుండునీ నల్లటి మందునీ బయటికి తీశాడు. ఆ మందులో చిటికెడు ఆరబెట్టి పెరట్లో అగ్గిపుల్ల చూపిస్తే భగ్గుమంది.

మ్యూజియం ఆయన వెళ్ళీ వెళ్ళగానే వాచీల మేస్త్రి పందొమ్మిది పిస్తోళ్ళనీ తెచ్చి అక్క గుడ్డలు కత్తిరించే బల్ల మీద పరిచాడు.

"ఇవన్నీ ఇక్కడెందుకురా? రేపటికి కోటు ఇవ్వాలి నేను."

"కొలువక్కా. ఏడు పిస్తోళ్ళకు మాత్రమే మందు కూరే అరలన్నీ చూశాను. తక్కినవాటికి ఒక్కోటి చూసి వదిలేశా."

"ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆ బీరువా ఆనించిన గోడకే కదరా, ఇవతల నేను తలపెట్టి పడుకునేది!"

"అందుకే." ఆయన ముక్కు ఎగబీల్చాడు. "నిన్న నువ్వు అడక్కపోయుంటే... అక్కా, నీ రుణం..."

"చాల్లే. ముక్కు తుడుచుకుని పుస్తకం అందుకో. నేను చెబుతాను, నువ్వు రాసుకో."

ఆయన బుద్ధిగా ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. కోటు పక్కకు జరిగింది. అక్క కళ్ళజోడు సవరించుకుని ఒక్కో అరా కొలిచి చెబుతుంటే, కుదురుగా రాసుకుంటూ పోయాడు. ఐదో పిస్తోలు మూడో అర దగ్గర అక్క చెయ్యి ఆగింది. ఆయన పీట మీంచి లేవబోయాడు.

"ఏం లేదులే. సాలెగూడు."

ఆయన అది కూడా రాసుకున్నాడు.